క్వార్టర్ వాకిట్లో నీడ



గోదావరిఖని ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడ కాపురముంటున్న వారికి మేము చెప్పనక్కరలేదు. రామగుండం ప్రాంతంలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతి కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఎండకు తోడు ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము ఒకటి.

కొన్నేళ్ల క్రితం మే నెలలో ఒక మధ్యాహ్నం మా సంఘంలోని ఒక సింగరేణి కార్మికుని క్వార్టరుకు వెళ్లాము. ఆయన రాత్రి షిఫ్టు దిగి వచ్చి నేలమీద తడి తువ్వాలు కప్పుకొని పడుకొని ఉన్నాడు. కన్నులు మూసుకున్నాడే గాని నిద్ర లేదు. పడమటి గోడ ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఆ రాత్రి మళ్లీ గనిలోకి దిగాలి. నిద్రలేని మనిషి భూగర్భంలో పని చేయడం ఎంత ప్రమాదమో గని కుటుంబాలకు తెలుసు. అదే వరుసలో నాలుగిళ్ల అవతల పెద్ద కానుగ చెట్టు కింద మంచం వేసుకొని మరొక కార్మికుడు గురక పెట్టి నిద్రపోతున్నాడు!

"అమ్మా, మీరు కూడా ఒక చెట్టు పెట్టుకోరాదా?" అని ఇల్లాలిని అడిగాము.

"అయ్యగారూ, ఈ క్వార్టర్ మాదా? రిటైరైన నాడు ఖాళీ చేసి పోవాలె. మేం పెడితే ఎవరో కూసుంటరు" అన్నది.

ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే మా పాస్టరు నివాసంలో మేము చేసినదీ అదే. బదిలీ మీద వచ్చినవాళ్లం, రేపో మాపో వెళ్లేవాళ్లం అనుకొని, బురద ఎందుకని వాకిలంతా సిమెంటు గచ్చు చేయించాము. పగలంతా కాగిన గచ్చు అర్ధరాత్రి దాకా సెగలు కక్కేది. పిల్లలు బయట పడుకోలేకపోయేవారు.

ఇంటికి వచ్చి యిర్మీయా 29వ అధ్యాయము చదువుకున్నాము. బబులోనుకు చెరపట్టబడిన ప్రజలకు ప్రవక్త పంపిన ఉత్తరమది. ఆ దేశము వారిది కాదు. అయినా ఇళ్లు కట్టుకొమ్మని, తోటలు నాటి వాటి ఫలములు తినుమని అందులో ఉన్నది. పరదేశిగా ఉన్న అబ్రాహాము కూడా ఎండిన బెయేర్షెబాలో ఒక చెట్టు నాటాడు. మాకు అంతకంటే స్పష్టమైన జవాబు అక్కరలేకపోయింది.

ఎడారి నేర్పిన పాఠం

మా సంఘంలో గల్ఫు దేశంలో పార్కు పని చేసి వచ్చిన ఒక తమ్ముడున్నాడు. అక్కడ మురుగునీటిని శుద్ధి చేసి, సన్నని పైపులతో చుక్కచుక్కగా మొక్కల మొదట్లో వదులుతారట. "అయ్యగారూ, అక్కడ వాన లేక అంత కష్టపడుతున్నరు. మనం వాన నీళ్లు మోరీల పోస్తున్నం" అన్నాడు.

ఆ మాట నిజమే. మన ప్రాంతంలో ఏటా సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల కప్పు మీదనే దాదాపు 37 వేల లీటర్లు పడినట్లు లెక్క. అందులో ఎక్కువ భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలే వచ్చిపోతుంది. అందుకని కప్పు నీళ్లు పడేచోట ఇంకుడు గుంత తవ్వి కంకర, ఇసుక నింపుకోవాలి. గోడ పునాదికి దూరంగా తవ్వడం మరువవద్దు.

ఎక్కడ, ఏమి, ఎప్పుడు?

మొదట గచ్చు పగులగొట్టించాము. తొందరపడి ఆ వేసవిలోనే మూడు మొక్కలు నాటి, మూడూ పోగొట్టుకున్నాము. తరువాత బుద్ధి తెచ్చుకున్నాము. మే నెలలో రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంత తీసి ఎండనివ్వాలి. మృగశిర కార్తెలో వానలు పడగానే మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి నాటాలి. అప్పుడు మొక్కకు వేసవి వచ్చేలోపల వేరు పట్టుకునే సమయం దొరుకుతుంది.

పెద్ద నీడ పడమటి దిక్కున కావాలి. సాయంత్రపు ఎండే గోడను ఎక్కువ కాలుస్తుంది. కానుగ, వేప అందుకు తగినవి. గోడకు కనీసం పదడుగుల దూరం ఉంచండి. నీళ్ల పైపులు, కరెంటు తీగలు చూసుకోండి. స్థలం చాలకపోతే కరివేపాకు, మునగ, నిమ్మ చాలు. అదీ లేనివారు పందిరి వేసి బీర, సొర, చిక్కుడు పాకించండి. కిటికీకి అడ్డంగా తీగ పాకితే రెండు నెలల్లోనే తేడా తెలుస్తుంది. రోడ్డు వైపు గోరింట కంచె పెడితే కొంత దుమ్మును ఆకులే పట్టుకుంటాయి.

రాలిన ఆకులు కాల్చకండి. మొక్క చుట్టూ మూడు నాలుగు అంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది. పొయ్యిలోని బొగ్గు బూడిదను మాత్రం కూరమొక్కలకు వేయవద్దు.

నీళ్లకు కరువైన ఇంట్లో పాత మట్టికుండను మొక్క పక్కన మెడదాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడల గుండా నీరు మెల్లగా ఊరుతుంది. చైనాలో ఈ పద్ధతి రెండు వేల ఏళ్ల క్రితమే ఉన్నది. బట్టలు జాడించిన నీళ్లు అరటికి పోయవచ్చు. ఆకుకూరలకు వద్దు. ఎక్కడా నీరు నిలువనీయకండి, దోమలు పెరుగుతాయి.

ఎవరో కూర్చుంటారు

ఆ ఇల్లాలు ఆ జూన్‌లోనే కానుగ మొక్క నాటింది. మూడు వేసవులు అంట్లు కడిగిన నీళ్లతోనే దాన్ని సాకింది. నాలుగో ఏట ఆమె భర్త దాని కింద మంచం వేసుకొని పడుకున్నాడు. తరువాత ఆయన రిటైరై, వారు సొంత ఊరికి వెళ్లిపోయారు.

మొన్న ఆ వరుసకు వెళ్లాము. ఆ క్వార్టరులో ఇప్పుడు వేరే కుటుంబం ఉన్నది. చెట్టు కింద ఒక యువకుడు రాత్రి షిఫ్టు దిగి నిద్రపోతున్నాడు. ఎవరు నాటారో అతనికి తెలియదు. అతని భార్య నోటిమీద వేలు పెట్టి, మెల్లగా మాట్లాడండని సైగ చేసింది. మేము అతనిని లేపకుండా, గుమ్మం దగ్గరే ప్రార్థన చేసి వచ్చాము.

ప్రియులారా, వచ్చే వానలకు మీ వాకిట్లో ఒక్క గుంత సిద్ధం చేయండి. ఆ నీడలో మీరు కూర్చున్నా, మరొకరు కూర్చున్నా మంచిదే.