పాత ఏరియేటర్ ధర ఎందుకు పడుతుంది, ఎందుకు లేస్తుంది?

గోదావరి డెల్టాలో సెకండ్ హ్యాండ్ ఆక్వా సామాను బేరం: కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

భీమవరం, ఆకివీడు, ఉండి, మొగల్తూరు వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులే. నీళ్ల మీద తెల్లని రెక్కలు తిరుగుతూ నురగ లేపుతుంటాయి. అవే ఏరియేటర్లు. అవి తిరుగుతున్నాయంటే చెరువులో పంట ఉన్నట్టు. గట్టు మీదకి ఎక్కించి టార్పాలిన్ కప్పి పెట్టారంటే సాగు ఆగినట్టు. అలా గట్టెక్కినవి ఎక్కువైన రోజున వాటి ధర పడిపోతుంది. మళ్లీ అందరూ ఒకేసారి చెరువులు నింపే రోజున అదే పాత సామాను దొరకడమే కష్టం.

ఈ బజారు మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. కౌలుకి చెరువు తీసుకున్న చిన్న రైతు, మోటారు వైండింగ్ షాపు నడిపే మేస్త్రీ, జనరేటర్ మెకానిక్, పాత ఇనుము కొట్టు యజమాని, సామాను తోలే ఆటో డ్రైవర్ అందరికీ ఇందులో అన్నం ఉంది. వడ్డీ జోలికి పోకూడదనుకునే కుటుంబాలు కొత్త సామాను ఫైనాన్స్‌లో తీసుకోవు. చేతిలో ఉన్న నగదుకి వచ్చే పాతదే చూసుకుంటాయి. అందుకే ధర ఎందుకు ఊగుతుందో తెలిస్తే, తప్పు రోజున కొని, తప్పు రోజున అమ్ముకునే నష్టం కొంతైనా తగ్గుతుంది.

అసలు ఏరియేటర్ ఎందుకు?

1990ల దాకా డెల్టాలో రొయ్య అంటే టైగర్ రొయ్యే. ఆ దశకం మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి చాలామందిని ముంచేసింది. 2009లో వనామి సాగుకి దేశంలో అనుమతి వచ్చాక కథ మారింది. వనామిని చదరపు మీటరుకి 60 పిల్లల వరకు వేసుకోవచ్చని నిబంధన. అంత ఒత్తుగా పెంచితే నీళ్లలో ఆక్సిజన్ చాలదు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తాగేస్తుంది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకి పరిస్థితి మరీ ప్రమాదం. లీటరు నీటిలో 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా ఆక్సిజన్ ఉండాలని నిపుణులు చెబుతారు. ఆ సమయంలో కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ కాకపోతే మూడు నెలల పంట రెండు గంటల్లో తేలిపోతుంది.

చెరువులో ఉన్న ప్రతి 400, 500 కిలోల రొయ్యకి ఒక హార్స్‌పవర్ ఏరియేటర్ కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే ఎకరంలో రెండు టన్నులు తీయాలనుకునే రైతుకి నాలుగైదు హార్స్‌పవర్ కావాలి. టన్నే చాలు అనుకుంటే సగం సామాను మిగిలిపోతుంది. పాత సామాను బజారు గుట్టు అంతా ఈ లెక్కలోనే ఉంది. ఏరియేటర్లకి గిరాకీ ఎంత అనేది రొయ్య ధర మీద రైతుకి ఉన్న భరోసాని బట్టి ఉంటుంది. యంత్రం బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

వాషింగ్టన్‌లో మాట, మొగల్తూరులో ధర

దీనికి 2025 సంవత్సరం కంటే మంచి ఉదాహరణ దొరకదు. మన రొయ్యకి అమెరికా అతి పెద్ద కొనుగోలుదారు. ఆ ఏడాది ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ భారత్ సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించారు. వారం తిరగకుండానే దాన్ని 90 రోజులు వాయిదా వేసి 10 శాతం దగ్గర ఉంచారు. ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి ఏకంగా 50 శాతం అయ్యింది. మనతో పోటీపడే ఈక్వెడార్ రొయ్యకి అప్పుడు పడింది 15 శాతమే. అమెరికా కొనుగోలు చేతులు అటు తిరిగాయి. రాష్ట్రం నుంచి వెళ్లాల్సిన ఆర్డర్లలో సగం దాకా రద్దయ్యాయని, నష్టం 25 వేల కోట్ల రూపాయల వరకు ఉంటుందని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ సెప్టెంబరులో కేంద్రానికి లేఖ రాశారు.

ఇలాంటి వార్త వచ్చిన రోజున డెల్టా రైతు ముందు ఉండేవి మూడు దారులే. ఒకటి, సాగు ఆపేసి చెరువు ఎండబెట్టడం. రెండు, పిల్లల్ని పలచగా వేయడం. మూడు, రొయ్య మానేసి చేపకి మారడం. మూడింటిలో ఏది ఎంచుకున్నా ఏరియేటర్లు మిగులుతాయి. కౌలు బాకీ, మేత బాకీ మెడ మీద ఉన్న రైతు మిగిలిన సామాను గట్టు మీద దాచుకోలేడు, అమ్ముతాడు. పక్క రైతు కూడా అదే వారం అమ్ముతాడు. కొనాల్సినవాడు మాత్రం ‘ఇంకా పడుతుందిలే’ అని ఆగుతాడు. సరుకు పెరిగి, కొనే చెయ్యి ఆగితే ధర మెల్లగా దిగదు, ఒక్కసారిగా జారుతుంది.

రొయ్య రేటు మళ్లీ కోలుకుంటే ఇదంతా తలకిందులవుతుంది. వేసవి పంట కోసం అందరూ దాదాపు ఒకే నెలలో పిల్లల్ని వేస్తారు, అందరికీ ఏరియేటర్లు అప్పుడే కావాలి. మొన్న అమ్మినవాడే ఈరోజు ఎక్కువ పెట్టి కొనాల్సి వస్తుంది. అందుకే డెల్టాలో అనుభవం ఉన్నవాళ్లు పట్టుబడి అయ్యాక, చెరువులు ఎండే రోజుల్లో కొంటారు. పిల్లలు వేసే ముందు వారంలో బజారుకి వెళ్లరు.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో 2020, 21 సంవత్సరాల్లో తూటాల కొరత వచ్చినప్పుడు, ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు నింపుకునే చేతి యంత్రాల కోసం వేటగాళ్లు ఎగబడ్డారు. చాలామందికి యంత్రం దొరికినా, తూటా అడుగున పెట్టే చిన్న ప్రైమర్ దొరకలేదు. ప్రైమర్ లేకపోతే యంత్రం బల్ల మీద బరువే. (మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం.) సరుకు వేరైనా నీతి మాత్రం ఒకటే. పంట, కరెంటు, కొనే కంపెనీ ఈ మూడూ కుదరని రోజున ఏరియేటర్ కూడా గట్టు మీద బరువే.

పాత ధరకి పైకప్పు, నేల

పాత సామాను ధర ఎంత ఊగినా రెండు హద్దులు దాటదు. పైకప్పు కొత్త సామాను ధర. నేల పాత ఇనుము కొట్టు ధర.

పైకప్పు సంగతి చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మార్పుల్లో ఆక్వా ఏరియేటర్ల మీద పన్ను 5 శాతానికి దిగింది. అంతకుముందు ఇలాంటి సామాను మీద 12 నుంచి 18 శాతం ఉండేది. లెక్క కోసం పన్ను లేని ధర 30 వేలు అనుకుందాం. 18 శాతంతో అది 35,400 అవుతుంది, 5 శాతంతో 31,500. కొత్తది 3,900 రూపాయలు తగ్గితే పాతది కూడా ఆ మేరకు దిగాల్సిందే. నిరుటి ధర గుర్తుపెట్టుకుని ‘అప్పుడు ఇంత పలికింది’ అని పట్టుబట్టే అమ్మకందారు ఈ సంగతి మరిచిపోతాడు.

జనరేటర్లది రివర్స్ కథ. కాలుష్య నియంత్రణ కోసం సీపీసీబీ ఫోర్ ప్లస్ అనే కఠిన ప్రమాణాలు 2023 జూలై 1 నుంచి వచ్చాయి. పాత ప్రమాణాల సెట్లు అమ్ముకునే గడువు 2024 జూన్ 30తో ముగిసింది. కొత్త సెట్లు ఖరీదయ్యాయి, వాటిలో ఎలక్ట్రానిక్ భాగాలు పెరిగాయి. గట్టు మీద రెంచి పట్టుకుని బాగుచేసుకోగలిగే పాత సెట్టుకి అందుకే విలువ నిలిచింది. తుఫాను కాలంలో ఈ విలువ ఇంకా పెరుగుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు పడి కరెంటు పోయింది. ఆ రాత్రి జనరేటర్ ఉన్న రైతుకి, లేని రైతుకి తేడా ఏమిటో డెల్టాకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక నేల. మోటారులో రాగి తీగ ఉంటుంది, ఫ్రేమ్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ ఉంటుంది. 2024 మే నెలలో లండన్ మార్కెట్‌లో రాగి టన్ను 11 వేల డాలర్లు దాటింది. రాగి పెరిగినప్పుడు కాలిపోయిన మోటారుకి కూడా కొట్టులో మంచి ధరే వస్తుంది. అదే సమయంలో వైండింగ్ ఖర్చు కూడా పెరుగుతుంది. బాగుచేయాలా, తూకానికి వేయాలా అనేది ఆ రోజు రాగి రేటు చూసి తేల్చుకోవాలి.

కొనేముందు ఏం చూడాలి?

ధర తక్కువని తొందరపడితే ఆ తక్కువ రెండు నెలల్లో వర్క్‌షాపుకి పోతుంది. మేస్త్రీలు చూసే గుర్తులు ఇవి.

మోటారు: నేమ్ ప్లేట్ మీద రాసిన ఆంపియర్లు చూడాలి. నీళ్లలో కనీసం అరగంట తిప్పి, మూడు ఫేజుల్లోనూ క్లాంప్ మీటర్ పెట్టాలి. మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఒక ఫేజు పోయినా మోటారు ఆగకుండా తిరిగితే వైండింగ్ మాడిపోతుంది, డెల్టాలో మోటార్లు కాలడానికి పెద్ద కారణం ఇదే. రీవైండింగ్ చేసి ఉంటే ఎన్నిసార్లు అని అడగాలి.

గేర్ బాక్సు: ఆయిల్ చుక్క తీసి చూడాలి. పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్లు దిగినట్టే. షాఫ్ట్ చేత్తో ఊపితే ఆట ఉండకూడదు.

ఫ్లోట్లు, రెక్కలు: ఎండకి పెళుసెక్కిన ప్లాస్టిక్ మీద సన్నని పగుళ్లు ఉంటాయి. ఫ్లోట్ ఎత్తి ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రాకూడదు.

ఫ్రేమ్: అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది మంచి స్టెయిన్‌లెస్ కాకపోవచ్చు. ఉప్పునీటి చెరువులో అది ఎక్కువ కాలం రాదు.

జబ్బు: దీన్ని చాలామంది పట్టించుకోరు. జబ్బొచ్చి మధ్యలోనే పట్టేసిన చెరువు సామానే బజారులోకి చవకగా వస్తుంది. తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ లాంటివి బురద, నాచు పట్టుకున్న సామానుతో కొత్త చెరువుకి చేరే ప్రమాదం ఉంది. గోకి కడిగి, బ్లీచింగ్ నీళ్లతో శుభ్రం చేసి, కొన్ని రోజులు గట్టి ఎండలో ఆరబెట్టకుండా చెరువులో దించకూడదు.

రసీదు లేకుండా వద్దు

చెరువుల మీద మోటార్లు, కేబుళ్లు దొంగతనం కావడం మామూలైపోయింది. ఆ సామాను చివరికి చేరేది వైండింగ్ షాపుకో, పాత ఇనుము కొట్టుకో. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. ‘నాకు తెలీదు’ అన్నంత మాత్రాన సరిపోదు. అమ్మినవారి పేరు, ఆధార్ కాపీ, మోటారు సీరియల్ నంబరు, తేదీ రాసి సంతకం పెట్టించుకున్న ఒక్క కాగితం ఉంటే షాపు యజమానికి, కొన్న రైతుకి ఇద్దరికీ రక్షణ. నంబరు గీకేసి ఉన్న మోటారుని ఎంత చవకైనా ముట్టుకోకపోవడమే మేలు.

అమ్మేవాళ్లకీ ఒక బాధ్యత ఉంది. ఐబు దాచి సరుకు అంటగట్టడం హలాల్ వ్యాపారం కాదన్నది ప్రతి ఇంట్లో తెలిసిన మాటే. గేర్ బాక్సు చప్పుడు చేస్తుందని ముందే చెప్పి వెయ్యి తగ్గించి అమ్మిన మేస్త్రీ దగ్గరికే మళ్లీ పంటకి రైతు తిరిగి వస్తాడు.

అమ్మాలా, ఆగాలా?

అప్పు తీర్చాల్సిన తేదీ దగ్గరపడితే అమ్మక తప్పదు. అప్పుడు కూడా అంతా ఒకేసారి తెగనమ్మకుండా, పాతవి, రెండుసార్లు వైండింగ్ అయినవి ముందు వదిలించుకుని, మంచివి చేతిలో ఉంచుకుంటే మళ్లీ సాగుకి దారి మూసుకుపోదు. ఆగగలిగిన కుటుంబం ఆగితే మంచిది, కానీ ఊరికే వదిలేస్తే కాదు. గేర్ బాక్సు ఆయిల్ మార్చి, మోటారు తడి తగలని చోట ఎత్తు మీద పెట్టి, నెలకోసారి చేత్తో తిప్పుతుండాలి. నీడ లేకుండా వానకీ ఎండకీ వదిలేసిన ఏరియేటర్ విలువ బజారు పడినా పడకపోయినా తనంతట తనే పడిపోతుంది.

షాపులవాళ్లకి ఉన్న ముప్పు వేరు. ధర పడిందని ఉన్న డబ్బంతా పెట్టి సామాను నింపుకుంటే, బజారు లేచేదాకా ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు ఆగవు. ఆరు నెలలు అమ్ముడుపోకపోయినా ఇల్లు గడిచేంత పక్కన పెట్టి, మిగిలినదాంతోనే కొనాలి. సుంకం ఎంతన్నది భీమవరం చేతిలో లేదు, తుఫాను ఎప్పుడన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఏ రోజున కొన్నాం, ఏం చూసి కొన్నాం, ఏ కాగితం రాయించుకున్నాం అన్నది మాత్రం కొనేవాడి చేతిలోనే ఉంది.