పైలటుకి డిగ్రీ ఎందుకు?

సావనీరుకి ఏదైనా వ్రాయమని యూనియన్ సెక్రటరీ అడిగినప్పుడు మేఘాల మీద కబుర్లు నాలుగు వ్రాసిద్దామనుకున్నాను. ఆ రోజే క్యాంటీన్ దగ్గర సెకండియర్ బీకాం కుర్రాడొకడు నన్ను పట్టుకున్నాడు. "సార్, ఇంటర్లో ఎంపీసీ చదివాను. పైలటు కావాలని ఉంది. ఈ బీకాం మానేసి బీఎస్సీ ఏవియేషన్‌లో చేరమంటున్నారు. రేపు పైలటు ఉద్యోగం రాకపోయినా ఆ డిగ్రీ ఆదుకుంటుందట. నిజమేనా?" అన్నాడు. వాళ్ళ నాన్నకి మిర్యాలగూడలో చిన్న రైస్‌మిల్లు ఉందట. నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకని మేఘాల కబుర్లు వచ్చే ఏడాదికి వాయిదా వేసి ఇది వ్రాస్తున్నాను.

ముందు రూల్సు సంగతి. మన దేశంలో విమానం నడపటానికి డిగ్రీ అక్కర్లేదు. కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే పద్ధెనిమిదేళ్ళు నిండాలి. డీజీసీఏ పెట్టే పరీక్షలు (నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, విమానం సాంకేతిక విషయాలు) పాసవ్వాలి. రెండు వందల గంటలు ఎగరాలి. డాక్టర్లు క్లాస్ వన్ మెడికల్ ఇవ్వాలి. ఇందులో ఎక్కడా బీయే, బీకాం అన్న మాట లేదు. అమెరికాలో డెల్టా కంపెనీ నాలుగేళ్ళ డిగ్రీ తప్పనిసరి అంటూ వచ్చి, 2022 జనవరిలో ఆ నియమం తీసేసింది.

మరి డిగ్రీ ఎందుకంటారా? ఎగరటం నేర్పుకి యాభై లక్షలు, ఆ పైన కూడా అవుతున్నది. ఒక ఫలానా రకం పెద్ద విమానం మీద శిక్షణకి మరికొన్ని లక్షలు. అంత డబ్బు పోసి సంపాదించిన లైసెన్సు విమానం నడపటానికి తప్ప మరి దేనికీ పనికిరాదు. నేలమీద ఒక్క రోజు కూలి కూడా ఇప్పించదు.

నేల మీదికి దిగిపోయే రోజులు వస్తాయి. నేను లైసెన్సు చేతపట్టుకునేసరికి 2001 సెప్టెంబరు వచ్చింది. న్యూయార్కు దాడుల తర్వాత ప్రపంచమంతటా విమాన ఉద్యోగాలు ఎండిపోయాయి. 2005లో గానీ నాకు కాక్‌పిట్‌లో సీటు దొరకలేదు. ఆ నాలుగేళ్ళూ మామయ్య మందుల షాపులో బిల్లులు వ్రాశాను. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో. కోవిడ్ అప్పుడు 2020 మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో ప్రయాణికుల విమానమే లేదు. కంపెనీలు అన్నీ బాగున్నా మన ఒళ్ళు బాగుండకపోవచ్చు. దాని సంగతే కాస్త వివరంగా చెప్పాలి, ఎంచేతంటే అది నా కథ.

నేను ఈ కాలేజీలోనే 1998లో బీఎస్సీ పాసయ్యాను. "పాసయ్యాను" అంటే అంతవరకే. మా నాన్న బడిపంతులు. "డిగ్రీ చెయ్యి, తర్వాత ఆకాశానికి నిచ్చెన వేసుకో" అన్నాడు. ఆయన కోసం చివరి బెంచీలో మూడేళ్ళు కూర్చుని, పట్టా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. నా బాధ్యత తీరిందనుకున్నాను.

2013లో కిడ్నీలో రాయి వచ్చింది. బియ్యపు గింజంత. మామూలు మనిషికైతే మంచినీళ్ళు బాగా త్రాగమని పంపించేస్తారు. పైలటుకి అలా కుదరదు గదా! ఆ నొప్పి దిగేటప్పుడు లేస్తే వెనక నూట ఎనభై మంది ఉంటారు. రాయి పూర్తిగా పోయిందని తేలేదాకా "టెంపరరీ అన్‌ఫిట్" అన్నారు. ఏడు నెలలు. ఎగిరితేనే వచ్చే అలవెన్సు మొదటి నెలలోనే ఆగింది. ఇంటి అప్పు ఆగదు. మా ఆవిడ గాజులు కుదువకి వెళ్ళాయి.

అప్పుడు గుర్తొచ్చింది, నాకూ ఒక డిగ్రీ ఉందని! అన్‌ఫిట్ ఎప్పటికీ అలాగే ఉండిపోతే ఏం చేస్తానో తెలుసుకుందామని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి వెళ్ళాను. కరస్పాండెంటు మర్యాదస్థుడు, కాఫీ ఇచ్చాడు. "పీజీ ఉందాండీ?" అన్నాడు. లేదన్నాను. "పోనీండి, ఒకసారి బెర్నౌలీ సూత్రం బోర్డు మీద రాబట్టండి" అన్నాడు. ఎనిమిదేళ్ళుగా విమానం రెక్క మీదే బతుకుతున్నవాణ్ణి. రెక్క మీద గాలి ఏం చేస్తుందో నోటితో గంట చెప్పగలను. చాక్‌పీసు మాత్రం రెండో లైను దగ్గర ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. ఇంకో కాఫీ త్రాగమన్నాడు.

బయటికి వచ్చి బస్‌స్టాపులో నిలబడ్డాక నాకు అర్థమైంది. నా చేతిలో డిగ్రీ కాగితమే ఉంది, పని లేదు.

ఇక్కడ మా వృత్తిలో మాట ఒకటి చెప్పాలి. విమానం బయలుదేరేముందు మేము ప్లానులో "ఆల్టర్నేట్" అని ఒక ఊరు వ్రాస్తాం. దిగాల్సిన చోట దిగలేకపోతే వెళ్ళే ఊరన్నమాట. పేరు వ్రాస్తే చాలదు. అక్కడిదాకా వెళ్ళటానికీ, వెళ్ళాక ఇంకో అరగంట గాలిలో ఉండటానికీ సరిపడా ఇంధనం ట్యాంకులో పోసుకోవాలి. డిసెంబరు ఆఖర్లో ఢిల్లీ వెళ్ళేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఢిల్లీకి పొగమంచు పడుతుందని అమృత్‌సరో లక్నోనో వ్రాసుకుని నిశ్చింతగా ఉండలేం, ఆ మంచు చాలా రోజులు వాటినీ కప్పేస్తుంది. అహ్మదాబాదు దూరమే, ఇంధనం ఎక్కువ తాగుతుంది. కానీ అక్కడి ఆకాశం వేరు.

బీఎస్సీ ఏవియేషన్ మీద నా అభ్యంతరం ఇదే. అది చెడ్డ చదువని అనను. ఎగరటం నేర్చుకుంటూ దాంతోబాటు పట్టా కూడా తెచ్చుకోవటానికి బాగానే ఉంటుంది. కానీ విమానాలు ఆగిన రోజున విమానాశ్రయం ఉద్యోగాలూ ఆగుతాయి. ఢిల్లీకి లక్నో ఆల్టర్నేట్ వ్రాసినట్టే. ఏరోనాటికల్ బీటెక్ దానికన్నా గట్టిది, డిజైను వైపూ ఫ్యాక్టరీల వైపూ దారి ఉంటుంది. అయితే దాంతోనే విమానం రిపేరు చేసి సంతకం పెట్టొచ్చనుకోవద్దు, ఆ లైసెన్సు వేరు, దాని పరీక్షలు వేరు. కంప్యూటర్ బీటెక్ అంటారా, ఇష్టముంటే దివ్యంగా చెయ్యండి. కానీ నాలుగేళ్ళు పడుతుంది. చాలా కంపెనీల్లో సీనియారిటీ చేరిన తేదీని బట్టి ఉంటుంది కాబట్టి ఆలస్యానికి కూడా ఒక ఖరీదు ఉంది.

నాతో ఎగిరే స్నేహితుడొకడిది ఉత్త బీకాం. వాళ్ళ మామగారికి తెనాలిలో ఎరువుల దుకాణం. సెలవు దొరికినప్పుడల్లా వీడు ఆ లెక్కలు చూసేవాడు. జీఎస్టీ వచ్చాక చుట్టుప్రక్కల దుకాణాల వాళ్ళు కూడా కాగితాలు పట్టుకుని వీడి దగ్గరికే రావటం మొదలెట్టారు. మేము కాక్‌పిట్‌లో "ఏం శెట్టిగారూ" అని వేళాకోళం చేసేవాళ్ళం. 2020లో జీతాలు తెగ్గోసినప్పుడు మాలో కంగారు పడనివాడు వాడొక్కడే. నాకూ కొంచెం ధైర్యం ఉండింది లెండి. రాయి పోయి మళ్ళీ ఎక్కాక, నైట్‌హాల్ట్ హోటలు గదుల్లో కూర్చుని దూరవిద్యలో ఎమ్మెస్సీ మాథ్స్ చేశాను. మూడేళ్ళు పట్టింది. ఈసారి ముందు బెంచీ బుద్ధితో చదివాను. దూరవిద్యంటే చిన్నచూపు అక్కర్లేదు. 1982లో దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టింది మన హైదరాబాదులోనే. ఇవాళ దానికి అంబేద్కర్ గారి పేరు. ఎగురుతూ చదవాలనుకునేవాళ్ళకి అలాంటిదే దారి.

ఇక ఆ కుర్రాడికి. బాబూ, బీకాం ఇంకో ఏడాదే ఉంది, మానకు. ఫ్లయింగ్ స్కూలుకి రూపాయి కట్టకముందే క్లాస్ టూ, ఆ తర్వాత క్లాస్ వన్ మెడికల్ చేయించుకో. రంగులు సరిగ్గా కనబడవన్న సంగతి ఫీజు కట్టాక తెలుసుకుని ఏడ్చినవాళ్ళని చూశాను. మెడికల్ వస్తే, ఈ ఏడాదిలోనే డీజీసీఏ పరీక్షలకి ఇంట్లో కూర్చుని చదువు, వాటికి విమానం ఎక్కాల్సిన పని లేదు. సెలవుల్లో మిర్యాలగూడ వెళ్ళినప్పుడు మిల్లు లెక్కలు గుమాస్తాకి వదిలెయ్యకుండా నువ్వు చెయ్యి. వడ్లు క్వింటాలుకి ఎంత బియ్యం, ఎంత నూక, ఎంత తవుడు వస్తుందో, ఏది ఎంతకి పోతుందో పుస్తకంలో నీ చేత్తో వ్రాయి.

ఇదంతా విని అతను "పైలటు కాబోయేవాడు తవుడు లెక్కలు వ్రాయటమేంటి సార్" అని నవ్వాడు. నేనూ నవ్వాను. సంక్రాంతికి ఊరెళ్ళి నాన్నతో మాట్లాడి చెబుతానన్నాడు. ఫోన్ నంబరు ఇచ్చాను. నాకు వచ్చే నెలలో మెడికల్ ఉంది. రోజుకి మూడు లీటర్ల మంచినీళ్ళు త్రాగుతున్నాను.