తుక్కుకూ సరుకుకూ మధ్య మిస్త్రీ

ఇంటి గడప దాటిన పాత సామాను తుక్కుగా కాటా ఎక్కుతుందా, మళ్ళీ సరుకై అమ్ముడుపోతుందా అన్నది అది చెడిపోయిన తీరుకన్నా, దాన్ని విప్పి చూడగల మిస్త్రీ ఎంత చేరువలో ఉన్నాడన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మరమ్మతు కూలి ఖరీదైపోయిన ఐరోపా దేశాల్లో అటువంటివారిని ఒకచోట చేర్చడానికి ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది. డచ్ పాత్రికేయురాలు మార్టిన్ పోస్ట్మా 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆరంభించిన ‘రిపేర్ కేఫ్’, అనగా చుట్టుపక్కలవారు పాడైన వస్తువులు తెచ్చుకుని, పని తెలిసిన స్వచ్ఛంద సేవకుల సాయంతో బాగుచేసుకునే సామాజిక కేంద్రం, పలు దేశాలకు పాకి 2015లో బెంగళూరుకూ వచ్చింది. హైదరాబాద్ పాతబస్తీలో మాత్రం ఆ పనిలో చాలా భాగం ఏ బోర్డూ లేకుండా బజారే చేస్తూ వచ్చింది.

1578లో మూసీపై కట్టిన పురానాపూల్‌కు సమీపంలో ప్రతి గురువారం జుమ్మేరాత్ బజారు సాగుతుంది. జుమ్మేరాత్ అంటే ఉర్దూలో గురువారమే. ఇంటింటా తిరిగి పాత సామాన్లు కొనేవారి చేతుల్లో పనికొచ్చేవీ పనికిరానివీ వేరుపడి, మొదటి రకం మిస్త్రీ దగ్గరికో నేరుగా ఇలాంటి బజారుకో చేరితే, రెండో రకం లోహం బరువుకు అమ్ముడవుతుంది. అమ్మేవాడు ‘చాలూ హై’ (పనిచేస్తోంది) అన్నా ఆ మాటకు రశీదు ఉండదు కనుక, కొనేవాడు కూడా సగం మిస్త్రీ అయి ఉండక తప్పదు. చార్మినార్‌కు చేరువలో, 1892లో హైదరాబాద్ సంస్థాన ప్రధాని ఆస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం ఉన్న మహబూబ్ చౌక్ పరిసరాల్లోనూ పనిముట్లు, పాత వస్తువులు అమ్మే అంగళ్లు కనిపిస్తాయి.

ఈ క్రమంలో మిస్త్రీ విలువ ఎక్కడుందో ఒక సీలింగ్ ఫ్యాన్ చూపగలదు. స్విచ్ వేయగానే గుంయ్‌మని మోగుతూ కదలకుండా ఉండి, రెక్కను చేత్తో తోస్తే తిరగడం మొదలుపెట్టే ఫ్యాన్‌లో సాధారణంగా చెడిపోయేది మోటారు కాదు, దానికి తొలి ఊపునిచ్చే కెపాసిటర్. చాలా ఫ్యాన్లలో 2.5 మైక్రోఫారడ్ల సామర్థ్యం ఉండే ఆ చిన్న డబ్బా మారిస్తే సరిపోయేదానికి, తెలియనివాడు ఫ్యాన్ మొత్తాన్నే తుక్కులో పడేస్తాడు. వైండింగే కాలిపోయిన పక్షంలో మాత్రం, పాత రాగితీగ కోసి తీసి, అదే మందం తీగను అన్నే చుట్లు చుట్టి, వార్నిష్ పట్టించవలసి వస్తుంది. తీసిన రాగికి కూడా ధర పలుకుతుంది గనుక ఆ పనిలో వృథా స్వల్పం. అయితే బాగుచేయడం ప్రతిసారీ లాభమేనని చెప్పలేం. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంటే, బ్రష్‌లెస్ డీసీ మోటారుతో తిరిగే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ సుమారు 30 వాట్లతోనే తిరుగుతుంది. కానీ ఈ రెండోదాన్ని నడిపేది ఎలక్ట్రానిక్ బోర్డు కాబట్టి, వైండింగ్ ఒక్కటే తెలిసిన మిస్త్రీకి అది అంత తేలిగ్గా లొంగదు.

అంతకంటే పాత విద్య కళాయి. రాగి, ఇత్తడి పాత్రల్లో పులుపు వండితే లోహం కూరలోకి దిగుతుంది కనుక లోపలి వైపు తగరం పూత ఉండాలి, అది అరిగినప్పుడల్లా మళ్ళీ వేయించుకోవాలి. పాత్రను తోమి, కొలిమి మీద కాల్చి, నవాసారం పొడి చల్లితే తెల్లటి పొగ లేచి లోహం మీది తుప్పుపొర విడిపోతుంది; తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది గనుక, తాకించిన మరుక్షణమే దూదితో చుట్టూ పులిమేయాలి. క్షణం ఆలస్యమైతే పూత గడ్డలు కడుతుంది. బిర్యానీ వండే రాగి దేగ్‌లు ఉన్నంతకాలం ఈ పనికి గిరాకీ ఉంటుంది, అయితే స్టీలు, అల్యూమినియం వచ్చాక ఇళ్లనుంచి ఆ గిరాకీ చాలావరకు తగ్గింది.

పాత వస్తువులను మళ్ళీ వాడుకలోకి తెచ్చే పనిలోకి సర్కారూ దిగింది. కేంద్ర ప్రభుత్వం 2023 మేలో పాత బట్టలు, పుస్తకాలు, బొమ్మలు సేకరించే ఆర్ఆర్ఆర్ కేంద్రాలను నగరాల్లో పెట్టించింది. వాడకం తగ్గించడం, తిరిగి వాడడం, రీసైకిల్ చేయడం అనే అర్థాలున్న మూడు ఆంగ్ల పదాల తొలి అక్షరాలే ఆ పేరు. సేకరణ మంచిదే, కానీ విప్పి చూసే చేయి లేని కేంద్రం గోదాము మాత్రమే అవుతుంది. అలాగని ఆమ్‌స్టర్‌డామ్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి ఉచితంగా బాగుచేయిస్తే, ఆ పని మీదే బతికే వీధి మిస్త్రీ కూలికి గండి పడుతుంది. కాబట్టి పాతబస్తీలో ఏర్పడే కేంద్రం ఆయనకు వస్తువుకింత అని చెల్లించి, బల్ల, కరెంటు, మల్టీమీటర్, పాత యంత్రాల నుంచి ఊడదీసిన విడిభాగాల పెట్టె సమకూర్చడం సబబు. బాగుపడనివాటికీ దారి ఉండాలి. 2022లో ప్రపంచంలో పుట్టిన 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్తలో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మిగిలినదానిలో కొంత, రాగి కోసం తీగలను బహిరంగంగా కాల్చేవారి చేతుల్లో పడి విషపు పొగ అవుతుంది. అందువల్ల ఉబ్బిన ఫోన్ బ్యాటరీలను, కాలిన సర్క్యూట్ బోర్డులను తుక్కు కాటాకు పంపకుండా, విడిగా ఉంచి అనుమతి పొందిన శుద్ధి సంస్థకు అప్పగించే బాధ్యత కూడా ఆ కేంద్రానిదే కావాలి.