ఖుర్బానీ మేక కడుపు, కన్ను

బక్రీద్ నాడు బోటి కడిగే చేతులకు మేక కడుపు సంగతి చదవకుండానే తెలుసు. ఒక ముక్క తువ్వాలులా నూగుగా ఉంటుంది. ఒకటి తేనెపట్టులా గళ్లుగళ్లుగా, ఇంకొకటి పుస్తకం పేజీల్లా మడతలుగా ఉంటాయి. నాలుగోది మాత్రం నున్నగా ఉంటుంది. మన కడుపులో లాగా జీర్ణరసం ఊరేది అందులోనే.

తువ్వాలు లాంటిదే రూమెన్, అన్నిటికన్నా పెద్దది. ఎడమ డొక్క నిండా అదే. పెద్ద మేకలో 15, 20 లీటర్లు పడుతుంది. మన బోధన్‌లో చెరకు నమిలి పిప్పి ఉమ్మేస్తే మేక వచ్చి దాన్ని తింటుంది. ఆ పీచును అరిగించే శక్తి మనకు లేదు. నిజానికి మేకకూ లేదు! రూమెన్‌లోని కోట్లాది సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. అలా పుట్టిన ఆమ్లాల నుంచే మేకకు బలం వస్తుంది. తీరిక దొరికినప్పుడు మేతను మళ్లీ నోటికి తెచ్చుకుని నెమరు వేస్తుంది. అప్పుడు ఊరే లాలాజలం తినే సోడాలా పనిచేసి కడుపులో పులుపు మితిమీరకుండా చూస్తుంది.

ఇక్కడే మనం ప్రేమతో పొరపాటు చేస్తాం. మేకను సంత నుంచి తెచ్చిన నాటి నుంచి ఇంట్లో అందరూ పోటీపడి అన్నం, రొట్టెలు, బియ్యం, మక్కలు పెడతారు. పండగలోగా నాలుగు కిలోలు పెరగాలని ఆశ. ఆకు మెల్లగా పులుస్తుంది, గింజలూ పిండీ గంటల్లో పులుస్తాయి. లాక్టిక్ ఆమ్లం పేరుకుని మంచి సూక్ష్మజీవులు చస్తాయి. మేక నెమరు మానేస్తుంది. డొక్క ఉబ్బుతుంది, పుల్లటి వాసనతో విరేచనాలు అవుతాయి, పళ్లు కొరుకుతూ పడుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. బతికినా, జబ్బు స్పష్టంగా కనిపించే జంతువు ఖుర్బానీకి పనికిరాదు. దాత ఇచ్చిన డబ్బూ, పేద ఇంటికి చేరవలసిన మాంసమూ రెండూ పోతాయి.

అందుకే కొనేటప్పుడే అది ఏం తింటోందో అమ్మేవాణ్ని అడగండి, అదే పెట్టండి. గింజలు పెట్టాలనుకుంటే పిడికెడుతో మొదలుపెట్టి 10, 15 రోజుల్లో మెల్లగా పెంచాలి. నెమరు ఆగిందంటే తెల్లారేదాకా చూడకుండా పశువుల డాక్టరును పిలవండి.

కొనేటప్పుడు కన్ను కూడా చూస్తాం. ఒక కన్ను పోయినదైతే ఖుర్బానీ చెల్లదు. మన కంటిపాప గుండ్రం, మేకది అడ్డగీత. తల తిప్పకుండానే చుట్టూ 320 డిగ్రీల దాకా చూడగలదు. మనకు కనిపించేది 180 కంటే కాస్తే ఎక్కువ. మేత కోసం తల వంచినా కనుగుడ్డు గుంటలో తిరిగి ఆ గీత నేలకు సమాంతరంగానే ఉంటుందని 2015లో అమెరికాలోని బర్కిలీ పరిశోధకులు చెప్పారు. పక్క నుంచి తోడేలు వస్తే కనపడాలి కదా.

జంతువు ఎదుట కత్తి నూరవద్దని, ఒకదాని ముందు మరొకదాన్ని జబహ్ చేయవద్దని మన పెద్దలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. కత్తిని వీపు వెనుక పెట్టుకుని మేక పక్కన నిలబడితే దాచినట్టు కాదు. దానికి పక్కలన్నీ కనపడతాయి. సామూహిక ఖుర్బానీ చోట గోడ చాటు కావాలి, లేకపోతే రేకులో పరదానో కట్టాలి. వంతు కోసం ఉన్న మేకలను అవతల, నీళ్ల తొట్టి దగ్గర కట్టాలి. నెత్తురు వాసన కూడా పసిగడతాయి కాబట్టి గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. ఆ పరదాకు అయ్యే ఖర్చు ఒక మేక ధరలో చాలా చిన్న భాగం.