చిత్తు కాగితమూ ఎరువే... పేడ, పచ్చిరొట్ట తోడైతేనే!

ఇంట్లో చిత్తు కాగితం పోగైతే వాకిట్లో కుప్పవేసి అగ్గిపుల్ల గీయడం చాలా ఊళ్లలో అలవాటు. పిల్లల పాత నోటుపుస్తకాలు, చినిగిన పత్రికలు, కిరాణా అట్టపెట్టెలు, కోడిగుడ్ల అట్టలు అన్నీ పొగైపోతాయి. మిగిలేది గుప్పెడు బూడిద. మరోపక్క పశువులు తగ్గి, పెంట చాలక, చిన్న రైతు నారుమడికీ పెరటి కూరగాయలకూ ఎరువు కొనుక్కోవలసి వస్తోంది. ఈ కాగితాన్ని పద్ధతి ప్రకారం చివకబెడితే ఉన్న కొద్దిపాటి పెంటనే పెంచుకోవచ్చు.

అయితే పొడిగా, శుభ్రంగా ఉన్న పాత పేపర్లను పాత సామాన్లవాళ్లు కిలోల లెక్కన కొంటారు. అమ్ముడుపోయేదాన్ని అమ్ముకోవడమే లాభం. తడిసినవి, నలిగినవి, ఎవరూ కొననివి మాత్రమే ఎరువుకు వాడుకోవాలి.

నేరుగా వేస్తే నష్టం

‘కాగితం ఎలాగూ మట్టిలో కలిసిపోయేదే గదా’ అని ముక్కలు చేసి పాదుల్లో వేస్తే మొక్కలు పచ్చబడిపోతాయి. కాగితంలో ఉండేదంతా దాదాపు కర్బనమే. ఒక పాలు నత్రజని ఉంటే కర్బనం వందల పాళ్లు ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. కాగితంలో దొరకదు కాబట్టి నేలలో ఉన్నదాన్ని లాక్కుంటాయి. అంటే పైరు తినవలసిన కూడు అవి తినేస్తాయి. లేత నారు దీన్ని అసలు తట్టుకోలేదు.

కుప్ప చక్కగా మాగాలంటే ఒక పాలు నత్రజనికి కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలి. అందుకే పేడ, పచ్చిరొట్ట కలపాలి.

ఒకటి, రెండు, మూడు

లెక్క గుర్తుపెట్టుకోవడం తేలికే. తూకంలో కాగితం ఒక వంతు, పచ్చి పేడ రెండు వంతులు, గ్లైరిసీడియా వంటి పచ్చి ఆకు మూడు వంతులు. 10 కిలోల కాగితానికి 20 కిలోల పేడ, 30 కిలోల ఆకు అన్నమాట. ఆకు దొరకని రోజుల్లో 10 కిలోల కాగితానికి సుమారు 200 గ్రాముల యూరియాను నీళ్లలో కరిగించి చల్లవచ్చు.

చేసే విధానం

- కాగితాన్ని చేతి వెడల్పు ముక్కలుగా చించాలి. అట్టపెట్టెలకున్న టేపు, పిన్నులు, పుస్తకాల ప్లాస్టిక్ అట్టలు తీసేయాలి. రాత్రంతా తొట్టిలో నానబెడితే అట్టలు కూడా సులువుగా చినుగుతాయి.
- నీరు నిలవని చోట, చెట్టు నీడన, మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండేలా ఇటుకలు పేర్చుకోవాలి. గాలి ఆడేందుకు ఇటుకల మధ్య సందులు వదలాలి. అడుగున కంది కట్టె పరవాలి.
- ఆకు ఒక పొర, కాగితం పలచగా ఒక పొర, పైన పేడనీళ్లు. ఇలా వరుసగా వేసుకుపోవాలి. కాగితాన్ని దొంతరగా వేస్తే అట్టకట్టి గాలి ఆడదు, వాసన వేస్తుంది.
- పాత పెంటకుప్పలో బాగా మాగిన ఎరువు ఒక గంపెడు మధ్యమధ్య చల్లితే కుళ్లడం త్వరగా మొదలవుతుంది.
- పైన గోనెసంచి కప్పి తడుపుతుండాలి. పిడికిట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు. ఏమీ రాలకపోతే నీళ్లు చాలనట్టు.
- పదిహేను రోజులకోసారి కింద ఉన్నది పైకి వచ్చేలా తిరగవేయాలి. రెండున్నర, మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. కుప్ప ఎత్తు సుమారు సగానికి దిగుతుంది.

కుప్ప ఆరిపోతే చెదలు పడతాయి. ఎండాకాలంలో తడి విషయం మరచిపోకూడదు. వానపాములు వదలదలచినవారు కుప్పలో వేడి పూర్తిగా తగ్గాకే వదలాలి. వేడి కుప్పలో వేస్తే చచ్చిపోతాయి.

ఇవి వేయొద్దు

పురుగుమందు డబ్బాలు వచ్చిన అట్టపెట్టెలు, మందు పట్టించిన విత్తనాల సంచులు ఎట్టి పరిస్థితిలోనూ కుప్పలో పడకూడదు. నున్నగా మెరిసే రంగు కాగితాలు, పెళ్లిపత్రికలు, దుకాణాల్లో మిషను మీద వచ్చే మెరుపు బిల్లులు, టీ తాగే కాగితపు కప్పులు కూడా పనికిరావు. ఆ కప్పులకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది కుళ్లదు.

పత్రికల సిరా సంగతి చాలామంది అడుగుతుంటారు. నల్ల సిరాకు రంగునిచ్చేది ముఖ్యంగా మసి. రంగు సిరాల్లో సీసం వంటి లోహాలు ఉండే అవకాశం ఉంది. తినుబండారాలను పత్రికల్లో చుట్టవద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2023లోనూ హెచ్చరించింది. కాబట్టి రంగు పేజీలు పక్కన పెట్టడం మేలు. ఆకుకూరల మడికి వేసే ఎరువులో నోటుపుస్తకాల కాగితం, రంగులు లేని అట్టలే వాడితే బెంగ ఉండదు.

మాగిందా లేదా?

బాగా మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన వేస్తుంది. కాగితం ముక్క కంటికి కనబడకూడదు. నమ్మకం కుదరకపోతే ఒక కుండీలో ఎరువు, మట్టి సమంగా కలిపి పెసలు చల్లండి. వారం పది రోజుల్లో మొలకలు పచ్చగా లేస్తే నారుమడికి వేసుకోవచ్చు. పాలిపోతే మరో నెల ఆగాలి.

కాగితం ఎరువులో పోషకాలు తక్కువే. ఇది యూరియాకో డీఏపీకో బదులు కాదు. నేలను గుల్లపరచి తడిని పట్టి ఉంచడం దీని పని. ఎకరాలకు చాలదు గానీ, మిరప, టమాటా నారుమడికి చదరపు మీటరుకు రెండు మూడు కిలోల చొప్పున కలపడానికీ, పెరట్లో పాదులకూ సరిపోతుంది. బడులు మూసే ఏప్రిల్‌లో పిల్లల పాత పుస్తకాలతో కుప్ప వేస్తే జులై నారుమళ్ల నాటికి ఎరువు చేతికొస్తుంది.