ఆత్మగౌరవం - జీవన సంతృప్తి

తనపై తనకు గల మంచి అభిప్రాయమే జీవన సంతృప్తికి మూలమా? 1995లో ఎడ్ డీనర్, మరిస్సా డీనర్‌లు 31 దేశాల కళాశాల విద్యార్థుల సమాధానాలను పరిశీలించారు. ఈ రెంటికీ గల సంబంధం వ్యక్తిప్రధాన సమాజాల్లో గాఢంగానూ, సమష్టిప్రధాన సమాజాల్లో కొంత పలుచగానూ కనిపించింది. 1997లో క్వాన్, బాండ్, సింగెలిస్‌లు అమెరికా, హాంకాంగ్ విద్యార్థులను పోల్చారు. సంతృప్తి విషయంలో, స్వీయాభిప్రాయంతో పోలిస్తే అయినవారితో పొందికకు గల ప్రాధాన్యం హాంకాంగ్‌లోనే ఎక్కువని తేలింది.

ఇక మన మాటను గమనిద్దాం. తెలుగులో 'ఆత్మగౌరవం' అంటే నలుగురిలో తల వంచకుండా నిలవడం కూడా. 'నన్ను నేను ఎంత మెచ్చుకుంటాను?' అనే ప్రశ్నకు అది పూర్తిగా సరిపోదు. కాబట్టి ఒకే ప్రశ్నావళిని వేరొక భాషలోకి తెచ్చినప్పుడు, అంకెలకంటె ముందు మాటల అర్థాన్ని చూడాలి. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే మన విద్యార్థులకు ఈ తేడా సులభంగా తెలుస్తుంది. తనను తాను మెచ్చుకోనంత మాత్రాన ఎవరి బతుకూ వెలితి కాదు.