ఆడబిడ్డ భాగము

మన ఇండ్లలో ఆడపిల్లకు పసుపుకుంకుమ లిచ్చి పంపుట కలదు. భాగము పంచి పంపుట అరుదు. ఇది ఆస్తి విషయము మాత్రమే కాదు.

కుటుంబము, స్వంత ఆస్తి, రాజ్యముల పుట్టుకను గూర్చి 1884లో వ్రాసిన గ్రంథమున ఏంగెల్సు, ఆస్తిని కన్నకొడుకులకే అందింపవలెనను కోరికనుండియే స్త్రీపై పురుషుని పెత్తనము స్థిరపడెనని వాదించెను. కావున ఆస్తివ్యవస్థయే మారవలెనని వామపక్షీయు లందురు. అంతదనుక ఆగక, ఉన్న ఆస్తిలో సమభాగమును, బిడ్డను కనుటలో స్వనిర్ణయమును స్త్రీకి కావలెనని స్త్రీవాదు లందురు. త్రోవలు వేరైనను ఆస్తికిని దేహస్వాతంత్ర్యమునకును గల ముడిని ఇరువురును గుర్తించిరి.

1956 నాటి హిందూ వారసత్వ చట్టమున ఉమ్మడి ఆస్తిపై జన్మహక్కు కుమారులకే మిగిలెను. ఆంధ్రప్రదేశము 1985 నుండియు, తమిళనాడు 1989 నుండియు, కర్ణాటక, మహారాష్ట్రములు 1994 నుండియు అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు దాని నొసగెను. 2005లో దేశమంతటను పెండ్లియైన కుమార్తెలకును లభించెను. నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. గర్భవిచ్ఛిత్తికి సైతము, 1971 నాటి చట్టపు నియమములకు లోబడి, వయసు వచ్చిన స్త్రీ సమ్మతియే చాలును. భర్త సమ్మతి అక్కరలేదు.

అయినను పుట్టిల్లు దూరమగునను భయమున విడుదల పత్రముపై సంతకము చేయు ఆడపడుచులు నేటికిని గలరు. తిరిగి వచ్చుటకు చోటులేని స్త్రీ అత్తింట "ఇప్పుడు బిడ్డ వద్దు" అని యెట్లనగలదు?

తల్లిదండ్రులారా, సంతకము కోరుటకు ముందు ఆ పత్రమును మీ కుమార్తెచేతనే చదివింపుడు. మనము చదువు చెప్పించినది అందుకే గదా!